వల వాటా

దుర్గారావు మోసగాడని ఎవరూ అనరు. దాబాగార్డెన్స్‌లో అడిగినా, గాజువాకలో అడిగినా, పాపం మంచివాడే, కాలం కలిసిరాలేదు అంటారు. వరహాలు కడుపు మండేది అక్కడే. దొంగైతే నలుగురితో కలిసి తిట్టుకోవచ్చు. మంచివాడు ముంచేస్తే తిట్టడానికి కూడా పక్కన మనిషి దొరకడు. పైగా ఆ మంచివాడు సొంత బామ్మర్ది. పెళ్లాం చంకలో మోసి పెంచిన తమ్ముడు.

సంగతి తెలిసిన రోజు మామూలుగానే తెల్లవారింది. రెండువేల తొమ్మిది, ఆషాఢమాసం. గాలి ఎక్కువగా ఉందని జాలారిపేటలో పడవలు దించలేదు. వరహాలు అరుగు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. ఈశ్వరి గుమ్మం పక్కన బియ్యం కడుగుతోంది. పక్కింటి రేడియోలో ఏదో పాట. అప్పుడు మోగింది సెల్‌ఫోను.

చేసింది సన్యాసమ్మ. సబ్బవరం దగ్గర వరహాలు కొనుక్కున్న భూమికి పక్కనే ఆమె జీడితోట. గొడ్లు పడకుండా ఆ భూమినీ ఆమే కనిపెట్టుకుని ఉంటుంది.

"ఏటి బాబూ, భూమి అమ్మీసినావంట. ఇన్నాళ్లు కాపలా కాసినదాన్ని, నాకో మాట సెప్పకూడదా?"

వరహాలు నవ్వాడు. ఎవరి భూమో చూసి తనదనుకుంటోందని అన్నాడు. సన్యాసమ్మ ఊరుకోలేదు. నిన్న కారులో మనుషులొచ్చి టేపు పట్టి కొలిచారట. నాలుగు మూలలా రాళ్లు పాతారట. బావి గట్టు మీద ఎర్రరంగుతో ఏవో అంకెలు రాశారట. జీడిచెట్లు కొట్టడానికి మనుషులు కావాలని తననే అడిగారట.

వరహాలు ఫోను పక్కన పెట్టి పెళ్లాం వైపు చూశాడు. ఆ ఇంట్లో ఫోను మోగితే చాలు, మాట పూర్తయ్యేలోపు ఎవరు, ఎవరు అని ప్రాణం తీస్తుంది ఈశ్వరి. ఈసారి అడగలేదు. ఆమె చెయ్యి బియ్యం కడిగే నీళ్లలోనే ఉంది. కదలడం లేదు.

"నీకు తెలుసా?" అన్నాడు.

ఆమె బియ్యం గిన్నె ఎత్తుకుని లోపలికి పోయింది. వరహాలుకు ఇంకొకరు చెప్పక్కర్లేకపోయింది.

ఆ భూమి రొయ్యలు బాగా పడిన కాలంలో కొన్నది. హార్బర్‌లో పెద్ద బోటు మీద పనిచేస్తూ, సముద్రంలోనే పండుగలు చేసుకుంటూ కూడబెట్టింది. జాలారిపేటలో అందరూ నవ్వారు. జాలరోడికి మెట్ట భూమెందుకు, అక్కడ వలేస్తావా అన్నారు. వరహాలుకు ఒకటే కోరిక. మోకాళ్లు మొరాయించే వయసు వచ్చేసరికి సముద్రం కనపడని చోట ఇల్లు కట్టుకోవాలి. ఏటా వేసవిలో వేట ఆపేసినప్పుడు ఈశ్వరిని బస్సెక్కించి అక్కడికి తీసుకుపోయేవాడు. కర్రపుల్లతో నేల మీద గీసేవాడు. ఇది వంటగది, ఇది సావడి, తలుపు పడమటికే ఉండాలి. వానొస్తే ఆ గీతలు పోయేవి. మళ్లీ ఏడు మళ్లీ గీసేవాడు.

ఇక దుర్గారావు సంగతి.

వాడు బీకాం చదివాడు. చదివించింది అక్కా బావలే. తొంభైల మొదట్లో నగరంలో ఒక ఆటసామాన్ల కొట్లో గుమాస్తాగా చేరాడు. ఒకరోజు ఎవరో బడి పంతులు వచ్చి, మీరట్ నుంచి వచ్చే వాలీబాల్ నెట్లు ఈ ఉప్పుగాలికి ఏడాది కూడా ఆగడం లేదని గొణుక్కుంటూ పోయాడు. దుర్గారావు ఆ రాత్రే తల్లి మహాలక్ష్మమ్మ దగ్గర కూర్చున్నాడు. ఆమె చేతిలో వల పుట్టని రోజు లేదు. కొడుకు చెప్పిన కొలతకు నైలాన్ దారంతో వాలీబాల్ నెట్ అల్లి ఇచ్చింది. పంతులు దాన్ని రెండు చేతులతో లాగి చూసి, ఇలాంటివే ఆరు కావాలన్నాడు.

అలా పుట్టింది మహాలక్ష్మి స్పోర్ట్స్. దాబాగార్డెన్స్‌లో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడితే నిండిపోయే కొట్టు. పెట్టుబడి వరహాలు రొయ్యల డబ్బు. కాగితం రాసుకోలేదు. పడవ మీద ఎవడూ రాసుకోడు. చేప ఒడ్డుకు రాగానే కుప్పలు పోస్తారు. పడవకో కుప్ప, ఇంజన్‌కో కుప్ప, వలకో కుప్ప, ఎక్కిన మనిషికో కుప్ప. వల ఎవరిదైతే వల వాటా వాళ్లది, వాళ్లు ఆ రోజు వేటకు రాకపోయినా సరే. కొట్లో వరహాలుది వల వాటా. ఆ మాట అన్నది దుర్గారావే. ఆదివారం సాయంత్రం కొట్టు కట్టేశాక తల్లి ఎదురుగా లాభం కుప్పలు పోసేవాడు.

వాడి తెలివిని కాదనకూడదు. జూన్‌లో బడులు తెరవగానే పంతుళ్లకు అరువు మీద సామాన్లు దింపేవాడు. బీచిలో ఆడే కుర్రాళ్లకు, చిరిగిన బంతి తెస్తే కొత్త బంతి మీద తగ్గింపు ఇచ్చేవాడు. ఆ కుర్రాళ్లు ఇంకో కొట్టు గడప తొక్కితే ఒట్టు. రాకెట్‌కు దారం తెగితే అక్కడే కూర్చోబెట్టి, టీ ఇప్పించి, బిగించి ఇచ్చేవాడు. స్టీల్‌ప్లాంట్ క్వార్టర్ల నుంచి ఆఫీసర్లు దానికోసమే వస్తున్నారని గ్రహించి గాజువాకలో రెండో కొట్టు పెట్టాడు. పేటలో ముప్పై మంది ఆడవాళ్లు నెట్లు అల్లేవారు. చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఎండలో తిరగాల్సిన వాళ్లు నీడన కూర్చుని తిన్నారు.

రెండో కొట్టు పెట్టాక కుప్పలు ఆగిపోయాయి. ఇది ఇప్పుడు కంపెనీ బావా, ఇందులో వాటాలు ఉండవు, వచ్చింది మళ్లీ సరుకులోనే పెట్టాలి అన్నాడు. పండక్కి బట్టలు పెట్టేవాడు, అక్క చేతిలో ఒక కవరు పెట్టేవాడు. వల నీళ్లలో ఉండగా వల వాటా ఎలా ఆగుతుందో వరహాలుకు అర్థం కాలేదు. అయినా మింగేశాడు. కొట్టు బోర్డు మీద అత్త పేరుంది, చాల్లే అనుకున్నాడు.

రెండువేల ఆరులో బెంగుళూరు నుంచి ఒక పెద్ద కంపెనీ వచ్చి, సిరిపురం వైపు మూడంతస్తుల ఆటసామాన్ల షాపు తెరిచింది. ఏసీ, అద్దాలు, లోపలే బంతి ఆడి చూసుకునే జాగా. ఒక ఆదివారం దుర్గారావు బావను స్కూటర్ మీద ఎక్కించుకుని ఆ షాపు ఎదుట దింపాడు. ఇద్దరూ రోడ్డుకు ఇవతల, టీ బండి దగ్గర నిలబడ్డారు. జనం లోపలికి పోతూనే ఉన్నారు. బయటికొచ్చేవాళ్ల చేతుల్లో ఇంతింత సంచులు.

"సూడు బావా," అన్నాడు దుర్గారావు. చదువుకున్న భాష పక్కన పెట్టి పేట భాషలోకి దిగాడు. "పక్క పడవోడికి వల నిండిపోతన్నాది. మనం ఏటి సేస్తాం?"

వరహాలు ఆలోచించలేదు. ఆలోచించడానికేముంది. సముద్రం మీద ఒక పడవ బరువుగా వల లాగుతుంటే చుట్టూ ఉన్న పడవలన్నీ అటే తిరుగుతాయి. అతని తాత తిప్పాడు, తండ్రి తిప్పాడు, అతనూ తిప్పాడు.

"అటే తిప్పాల," అన్నాడు.

"అదే. ఆడి ఎదురుగానే మన కొట్టు. ఆడికొచ్చినోడు మనకి రాడేటి? కాకపోతే జాగా పెద్దది గావాల. బ్యాంకోళ్లు ఏదో ఒకటి సూపించమంటన్నారు."

టీ గ్లాసు కింద పెట్టకముందే వరహాలు సబ్బవరం భూమి పేరు తనే ఎత్తాడు. సంతకం నేర్చుకున్న రోజు నుంచి అతను పెట్టిన సంతకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అన్నిటికన్నా నీటుగా పెట్టింది బ్యాంకులో ఆ భూమి తాకట్టు కాగితం మీద పెట్టిందే. ఆ అప్పుతో బెంగుళూరు షాపు ఎదుటే మూడో కొట్టు లేచింది.

చేప ఎవడి సొత్తూ కాదు. మన వల్లోకి వస్తే మనది. రోడ్డు మీద నడిచే మనిషి అలా కాదని బీకాం చదివినవాడికి తెలియాలి. వాడికీ తెలియలేదు. పుట్టిన చోటు బుద్ధి ఇన్ షర్ట్ వేసుకున్నా పోదు. బెంగుళూరు కంపెనీవాడు బూట్లు అమ్మే ధరకు దుర్గారావుకు కొనుబడి కూడా గిట్టలేదు. ఎదురు కొట్టు వాడితో సమానంగా కనపడాలని రాకెట్లకు దారం బిగించే బల్ల తీసేశాడు, చిరిగిన బంతుల తగ్గింపు తీసేశాడు. నెట్లు కూడా మెషిన్‌వి తెప్పించాడు. పేటలో ముప్పై మంది ఆడవాళ్లూ మళ్లీ బుట్టలెత్తుకున్నారు. మహాలక్ష్మమ్మ ఒక్కతే అల్లడం మానలేదు. ఎవరికని అడిగితే జవాబు చెప్పేది కాదు. మూడో కొట్టును మేపడానికి గాజువాక కొట్టు అమ్మేశాడు. తర్వాత మూడోదీ మూతపడింది. ఇదంతా వరహాలుకు తెలుసు. తెలియనిది భూమి సంగతి. అంతా సర్దుకుంటోంది బావా అనే మాటే ఆఖరి వరకూ విన్నాడు.

ఆ పొద్దున్న భార్యాభర్తలు అన్నం తినలేదు. ఆటోలో దాబాగార్డెన్స్ పోయారు. మొదటి కొట్టు ఒక్కటే మిగిలింది, దాన్నీ నెలాఖరుకు ఖాళీ చేస్తున్నారు. దుర్గారావు లోపల అట్టపెట్టెలు కడుతున్నాడు. మహాలక్ష్మమ్మ మూల పీట మీద కూర్చుని ఉంది, ఒళ్లో దారం ఉండ.

బావను చూడగానే దుర్గారావు లేచి కుర్చీ తుడిచాడు. వరహాలు కూర్చోలేదు.

"రాళ్లు పాతీసినారంట," అన్నాడు.

దుర్గారావు తల దించుకున్నాడు. పోయిన నెలే వేలం అయిపోయిందని, కొన్నది పెందుర్తి వైపు ప్లాట్లేసే ఆసామి అని చెప్పాడు. ఎలాగైనా విడిపించేద్దామనుకున్నానని, రావలసిన బడుల డబ్బు వస్తుందని చూశానని, చివరి రోజు దాకా తిరిగానని చెప్పాడు. అన్నీ నిజాలే. నిజాలు వింటున్నకొద్దీ వరహాలుకు ఒళ్లు మండింది.

"నోటీసులు ఎక్కడికొచ్చినాయిరా? నా ఇంటికి రావాల గదా."

దుర్గారావు అక్క వైపు చూశాడు.

"నానే తీసుకున్నాను," అంది ఈశ్వరి.

వరహాలు ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు వేటకెళ్లినప్పుడొచ్చినాయి. తమ్ముడు కాళ్లు పట్టుకున్నాడు మావా. పదిరోజులాగు అప్పా, ఇడిపించీస్తానన్నాడు. ఆగినాను. మళ్లీ ఆగమన్నాడు." ఆమె తమ్ముడి వైపు చూడలేదు. "వేసంగిలో నువ్వు నన్ను ఆడకి తీసుకెళ్లినావు. పుల్లట్టుకుని వంటిల్లు గీస్తన్నావు. పొయ్యి ఏ మూల పెట్టమంటావే అనడిగినావు. అప్పుడు సెప్పీద్దామని నోరు తెరిసినాను. రాలేదు. ఈశాన్యం వద్దు, ఆగ్నేయం పెట్టు అన్నాను."

వరహాలు ఆ రోజును గుర్తు చేసుకున్నాడు. ఆగ్నేయం మూల గీత గీసి, రెండు రాళ్లు కూడా పెట్టాడు. అప్పటికే ఆ నేల చెయ్యి జారిపోతోంది. పెళ్లానికి తెలుసు, బామ్మర్దికి తెలుసు, బ్యాంకుకు తెలుసు. తెలియకుండా గీతలు గీసినవాడు తనొక్కడే.

"ఇన్నేళ్లు నన్ను మావా అన్నావు," అన్నాడు మెల్లగా. "ఇయ్యాల్టి నుంచి ఆడి అప్పగానే ఉండు. ఈడనే ఉండిపో."

ఈశ్వరి గోడకు ఆనుకుని కూలబడింది. దుర్గారావు బావ చెయ్యి పట్టుకోబోయాడు. వరహాలు విదిలించేశాడు. ఆ విసురుకు అట్టపెట్టె ఒకటి దొర్లిపడి, గాలి తీసిన ఫుట్‌బాళ్లు నేల మీద పరుచుకున్నాయి.

అప్పటిదాకా నోరెత్తని మహాలక్ష్మమ్మ దారం ఉండ పక్కన పెట్టింది.

"షట్టరు సగం దించరా," అంది కొడుకుతో. "ఉన్నదంతా కింద పొయ్యి."

ఎందుకని అడిగాడు దుర్గారావు.

"పడవ పగిలిపోయి ఒచ్చినా, ఒడ్డుకొచ్చింది పంచుకోవాల. గాజువాక కొట్టెట్టిన కాడినుంచి కుప్పలు పొయ్యడం మానీసినావు. ఇయ్యాల పొయ్యి. నాను సూస్తాను."

నలభై ఏళ్లవాడు, కళ్లద్దాలవాడు, నేల మీద గొంతుక్కూర్చుని అరల్లో మిగిలినదంతా కుప్పలు పోయడం మొదలుపెట్టాడు. పడవకో కుప్ప, ఇంజన్‌కో కుప్ప, వలకో కుప్ప, మనిషికో కుప్ప. జతలేని బూట్లు. పెయింటు లేచిపోయిన డంబెల్స్. కేరమ్ కాయిన్లు. పిల్లల బ్యాట్లు. స్టిక్కర్ పోయిన టోపీలు. ఒడ్డున చేప పోసినట్టే, ఒక్కొక్క రకం అన్ని కుప్పల్లోకీ సమంగా విసురుతున్నాడు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న చెయ్యి అది, ఏదీ మర్చిపోలేదు.

వల కుప్ప దగ్గరికి వచ్చేసరికి మిగిలినవి విజిళ్లు. పంతుళ్లు ఊదే విజిళ్లు, గుప్పెడు. వాటిని బావ కుప్పలో పోశాడు. తర్వాత తన కుప్పను రెండు చేతులతో దగ్గరికి తోసి, బావ కుప్పలో కలిపేశాడు. పడవ కుప్పనూ కలిపేశాడు. ఇంజన్ కుప్పనూ కలిపేశాడు. అన్నీ కలిపినా వరహాలు మోకాలి ఎత్తు కూడా రాలేదు.

"ఇంతే బావా," అన్నాడు. "ఇంకేటీ నేదు. కావాలంటే నన్ను కొట్టు."

వరహాలు కొట్టాలనే వచ్చాడు. ఆటోలో వస్తున్నంతసేపూ చెయ్యి దురదపెడుతూనే ఉంది. కానీ వల చిరిగి ఖాళీగా ఒడ్డుకొచ్చిన కుర్రాణ్ణి పేటలో ఎవడూ కొట్టడు. అలా కొట్టినవాణ్ణి అతను ఇంతవరకూ చూడలేదు.

"నువ్వైనా నాకు సెప్పలేదేటి?" అన్నాడు అత్తను చూసి. "నీకూ తెలిసే ఉంటాది అత్తా."

"తెలవదు," అంది ముసలమ్మ. "తెలిస్తే నానూ సెప్పకపోదును. ఆడు నా కడుపున పుట్టినాడు. నీకు పిల్లనిచ్చినాను. ఏ నోటితో సెప్పను?" మళ్లీ దారం ఉండ అందుకుంటూ అంది. "ఆడు టీ బండి కాడ అడిగినప్పుడు అటే తిప్పాల అన్నావంట. మీ మావున్నా అదే అనీవోడు. ఆడొక్కడి బుద్ధి కాదు అల్లుడా అది. మనందరిదీని."

వరహాలు కుప్ప ముట్టుకోలేదు. గుమ్మం పైన ఇన్నేళ్లుగా వేలాడుతున్న పాత వాలీబాల్ నెట్ ఉంది, మహాలక్ష్మమ్మ అల్లిన తొలిది, తెల్లదారం దుమ్ముకు నల్లబడిపోయింది. దాన్ని విప్పి చుట్టి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. సగం దించిన షట్టర్ కింద వంగేసరికి మోకాలు కలుక్కుమంది. వెనకనుంచి ఎవరో చెయ్యి పట్టి లేపారు. ఈశ్వరి. ఆ చెయ్యి అతను విదిలించలేదు. క్షమించాడని కాదు. మోకాలు లేవలేదు.

ఆమెతో మాట్లాడింది మరో పదిరోజులకి. అదీ ఉప్పెక్కువైందని.

మోకాళ్లకు రెండు పూటలా గుడ్డ కట్టుకుని మళ్లీ వేటకు పోవడం మొదలుపెట్టాడు. పెద్ద బోట్లవాళ్లు ఈ వయసులో ఎవరూ పిలవరు. మామగారి పాత ఫైబర్ పడవను బాగుచేయించి, ఇద్దరు కుర్రాళ్లను వెంట తీసుకుని దగ్గర నీళ్లలోనే తిరిగేవాడు. వల అత్తగారిది. చిరుగులు ఎన్నో ఉండేవి. ఒకరోజు వేటకని ఒడ్డుకు పోయి చూస్తే వల చిరుగులన్నీ పూడి ఉన్నాయి. అత్త చెయ్యి కాదది, ముడి కొంచెం బిగువు ఎక్కువ. మర్నాడు కనిపెట్టి చూశాడు. పడవ నీడన, ఇసుకలో లుంగీ కట్టుకుని దుర్గారావు కూర్చున్నాడు. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి, కాలి బొటనవేలికి వల తగిలించి ముడులు వేస్తున్నాడు. బావను చూసి లేవబోయాడు. వరహాలు చూడనట్టే వెళ్లిపోయాడు.

వానలు తగ్గాక ఒక పొద్దున్న కవ్వళ్ల చేపలు బాగా పడ్డాయి. పడవ ఒడ్డుకు లాగి, ఇసుకలో కుప్పలు పోశారు. పడవకొకటి, ఇంజన్‌కొకటి, వలకొకటి, మనిషికొకటి. ఈశ్వరి బుట్ట పట్టుకుని నిలబడింది. వల కుప్ప ఎటు పొయ్యాలని కుర్రాడు అడిగాడు, అత్తమ్మకేనా అని.

వరహాలు తనే వంగి ఆ కుప్పను రెండు చేతులతో దగ్గరికి చేశాడు. నాలుగు పెద్ద కవ్వళ్లు తన కుప్పలోవి తీసి దాని మీద వేశాడు.

"ఒరే దుర్గా," అని పిలిచాడు. ఆషాఢం తర్వాత ఆ పేరు నోటికి రావడం అదే మొదలు. "వల వాటా అట్టుకెళ్లు."

దుర్గారావు వచ్చాడు. వంగాడు. చేపలు ఎత్తుకోలేక అక్కడే కూర్చుని మొహం లుంగీలో దాచుకున్నాడు. కుర్రాళ్లు అటు తిరిగి ఇంజన్ విప్పుకుంటున్నట్టు నటించారు. ఈశ్వరి బుట్ట కిందపెట్టి, తమ్ముడి వాటా తనే ఎత్తి బుట్టలో వేసింది, కళ్లు తుడుచుకుంటూ, ఇసుక అంటిన చేతులతోనే. వరహాలు ఆమెను ఆపలేదు.

అందరూ మెచ్చుకున్నారు. కుటుంబమంటే అలా ఉండాలన్నారు. వరహాలుకు బామ్మర్ది తిరిగి దొరికాడు, పెళ్లాం తిరిగి దొరికింది, అది నిజమే. తిరిగి దొరకనిది ఒకటుంది. దాని లెక్క అడిగినవాడికి ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాడు: సబ్బవరం దాటాక ఎడమ చేతి మట్టిదారిలో డెబ్బై నాలుగు సెంట్లు, పదకొండు జీడిచెట్లు, ఒక బావి.